చదువా, చేతి పనా? ఒడిశా సరిహద్దు తెలుగు యువత ఉద్యోగాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడిలో ఉద్యోగ దరఖాస్తులు నింపే చిన్న కొట్టు నడుపుతున్నాను. ఒక కంప్యూటరు, ఒక స్కానరు, ఒక జెరాక్స్ మిషను, గోడ వారగా రెండు బల్లలు. కొద్ది దూరం వెళితే పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్. గుణుపూర్, రాయగడ, కాశీనగర్, బరంపురం వైపు నుంచి కూడా తెలుగు పిల్లలు వస్తుంటారు. వాళ్లు అడిగే ప్రశ్నలు ఏడాది పొడుగునా దాదాపు అవే. సమాధానాలు ఒక్కచోట ఉంటే కొందరికైనా బస్సు చార్జీ మిగులుతుందని రాస్తున్నాను.

పది పాసయ్యాక పనిలో చేరిపోవాలా, డిగ్రీ దాకా చదవాలా?

ఈ మాట అడిగే పిల్లల ఇళ్లలో చాలాసార్లు నిర్ణయం అప్పటికే జరిగిపోయి ఉంటుంది. తండ్రికి ఒంట్లో బాగుండదు, చెల్లెలు ఇంకా బడిలో ఉంటుంది, తాకట్టులో నగలు ఉంటాయి. అలాంటి ఇంటి పిల్లవాడికి "బాగా చదువుకో బాబూ" అని చెప్పి పంపేయడానికి నాకు మనసు రాదు.

నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ఏం చేసినా పదో తరగతిని మధ్యలో వదలొద్దు. ఐటీఐలో ఫిట్టరు, ఎలక్ట్రీషియను లాంటి ట్రేడులకు పది కావాలి. వెల్డరు లాంటి కొన్నింటికే ఎనిమిదో తరగతి చాలు. తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ కొలువుకు పదో తరగతి మార్కులే ఆధారం. చివరికి పాస్‌పోర్టులో కూడా పది పాసైన వాళ్లకూ కాని వాళ్లకూ తేడా ఉంది. దాని గురించి కింద రాశాను.

పది దాటాక మాత్రం పనీ చదువూ కలిసి నడిచే దారి వెతకండి. ఇది ఈ ఊరికి కొత్త సంగతి కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో పర్లాకిమిడిలో రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరేనాటికి ఆయన చదువు మెట్రిక్యులేషన్ మాత్రమే. తండ్రి పోయారు, ఇల్లు గడవాలి. కొలువు చేస్తూనే ప్రైవేటుగా కట్టి ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది), ఆ తర్వాత బి.ఏ. పూర్తి చేశారు. చుట్టుపక్కల కొండ ఊళ్లలోని సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. ఆయనకు పట్టా ఎంత ఉపయోగపడిందో, ఆ కొండ ఊళ్లలో తిరిగిన కాలం కూడా అంతే ఉపయోగపడింది.

డిగ్రీ అయింది. ఎక్కడికి వెళ్లినా "అనుభవం ఉందా" అంటున్నారు. ఉద్యోగం ఇవ్వకుండా అనుభవం ఎలా వస్తుంది?

మీ కోపం న్యాయమైనదే. అయితే ఆ ప్రశ్న అడిగే యజమాని అసలు తెలుసుకోవాలనుకునేది వేరు. ఈ మనిషి వేళకు వస్తాడా, చెప్పిన పని చక్కబెట్టుకొస్తాడా, లెక్క అప్పజెబుతాడా అన్నదే ఆయనకు కావాలి. సెలవుల్లో మామయ్య ఎరువుల కొట్టులో బిల్లులు రాశారా? పెళ్లిళ్ల సీజన్‌లో వంటవాళ్ల దగ్గర సరుకు లెక్క చూశారా? అది అనుభవమే. బయోడేటాలో "అనుభవం లేదు" అని రాసేవాళ్ల చేత నేను ఆ ముక్క కొట్టించి, చేసిన పని, చేసిన నెలలు, చూసిన లెక్క ఎంతో రాయిస్తాను. "రోజుకు అరవై బిల్లులు, ఏడు నెలలు, స్టాకు పుస్తకం నా చేతి మీదుగా" అని రాసుకున్న అమ్మాయి ఇంటర్వ్యూలో నీళ్లు నమలదు. చెప్పడానికి ఆమె దగ్గర సరుకు ఉంది.

ఒడియా రాకపోతే ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలు రావా?

రావు. దీన్ని నేను మెత్తగా చెప్పను, ఎందుకంటే ఇక్కడే మన పిల్లలు ఎక్కువగా దెబ్బతింటున్నారు. రాష్ట్ర నియామక ప్రకటనల్లో ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలనే నిబంధన ఉంటుంది. దానికి రుజువుగా ఏడో తరగతిలోనో ఆ పైనో ఒడియా ఒక భాషగా పాసై ఉండాలి, లేదా ఒడియా మాధ్యమంలో మెట్రిక్ పాసై ఉండాలి, లేదా ఆ స్థాయి ఒడియా పరీక్ష విడిగా రాసి గట్టెక్కాలి. తెలుగు మాధ్యమంలోనో ఇంగ్లీషు మాధ్యమంలోనో చదివి, బజారులో ఒడియా గడగడా మాట్లాడే పిల్లలు కూడా ఈ ఒక్క గడి దగ్గర ఆగిపోతున్నారు. బీఎస్సీలో ఫస్టు క్లాసు వచ్చినా సరే, ఏడో తరగతి ఒడియా మార్కుల కాగితం లేక వెనక్కి వెళ్లిన వాళ్లను చూశాను.

మీ పిల్లలు ఇప్పుడు అయిదో తరగతిలోనో ఆరో తరగతిలోనో ఉంటే, బడిలో ఒడియా ఒక భాషగా ఉందో లేదో ఈ వారమే కనుక్కోండి. తెలుగు వదలమని నేను అనడం లేదు. ఇంట్లో తెలుగు పుస్తకం, బడిలో ఒడియా పుస్తకం రెండూ ఉండాలి. రెండు లిపులు చదవగలిగిన పిల్లవాడికి మందుల కంపెనీ డిపోలోనైనా లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులోనైనా ఒక మెట్టు ఎక్కువ విలువ ఉంది.

నాలుగడుగులు వేస్తే ఆంధ్రా. అక్కడి ప్రభుత్వ ఉద్యోగాలకు కట్టవచ్చా?

కట్టవచ్చు, కానీ స్థానికత చూసుకోవాలి. రాజ్యాంగంలోని 371డి అధికరణం, 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాక అక్కడ ఉద్యోగాల్లో పెద్ద వాటా స్థానికులకే. ఇంట్లో మాట్లాడే భాష ఏదైనా, మీరు వరసగా ఏ ఏళ్లు ఎక్కడ చదివారన్నదే ప్రధానంగా లెక్క. ఒడిశాలో చదివిన తెలుగు అబ్బాయి అక్కడ స్థానికేతరుడు. అందరికీ వదిలిన కొద్ది ఖాళీలకే పోటీ పడాలి. టెక్కలిలో పెద్దమ్మ ఇంట్లో ఉండి ఇంటర్ చదివాను కదా అంటారు కొందరు. ఆ రెండేళ్లే చూసుకుని ఆశ పెట్టుకోవద్దు.

ఇక్కడి కుల ధ్రువీకరణ పత్రం అక్కడ పనిచేస్తుందా?

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉద్యోగాల్లో రిజర్వేషన్‌కు పనిచేయదు. కులం పేరు రెండు వైపులా ఒకటే అయినా, జాబితాలు రాష్ట్రం వారీగా వేరు. కేంద్ర ఉద్యోగాలకైతే, కేంద్ర ఓబీసీ జాబితాలో మీ కులం ఒడిశా పేరు కింద ఉందో లేదో వేరే చూసుకోండి. రాష్ట్ర జాబితాలో ఉన్నవన్నీ అందులో ఉండవు.

మరి తెలుగులో పరీక్ష రాసే ఉద్యోగాలు ఏమున్నాయి?

కేంద్ర ప్రభుత్వానివి ఉన్నాయి, మన పిల్లలు వాటిని తగినంతగా పట్టించుకోవడం లేదు. రైల్వే నియామక పరీక్షలు తెలుగులో రాయవచ్చు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ 2023 నుంచి ఎంటీఎస్ (కేంద్ర ఆఫీసుల్లో చిన్న కొలువుల) పరీక్షను 13 ప్రాంతీయ భాషల్లో కూడా పెడుతోంది. కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ పరీక్షకు 2024 నుంచి ఆ వీలు వచ్చింది. తెలుగు, ఒడియా రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. దరఖాస్తులో భాష ఎంచుకునే గడి ఒకటి ఉంటుంది. తొందరలో దాన్ని చూడకుండా ఇంగ్లీషు అని వదిలేసి, పరీక్ష గదిలో తల పట్టుకున్న వాళ్లున్నారు. ఒకసారి ఖాయం చేశాక మార్చడం కష్టం, కాబట్టి ఆ గడి దగ్గర ఒక్క నిమిషం ఆగండి.

గ్రామీణ డాక్ సేవక్‌కు పరీక్షే లేదు, పది మార్కులే చూస్తారు. వయసు 18 నుంచి 40. ఒడిశా సర్కిల్‌కు కట్టాలంటే పది వరకు ఒడియా, ఆంధ్రా సర్కిల్‌కు కట్టాలంటే తెలుగు చదివి ఉండాలి. చూశారా, మళ్లీ భాష దగ్గరికే వచ్చాం.

ఐటీఐ కన్నా బీటెక్ గౌరవం కదా?

పెళ్లి చూపుల్లో కావచ్చు. పని చూపే చోట లెక్క వేరు. అప్పు తెచ్చి నాలుగేళ్లు బీటెక్ చదివి, వర్క్‌షాపులో చేతికి నూనె అంటని అబ్బాయికంటే, ఫిట్టరు ట్రేడు శ్రద్ధగా నేర్చిన అబ్బాయికి మన చుట్టుపక్కల త్వరగా పని దొరకడం నేను చూస్తున్నాను. రాయగడ వైపు జేకేపూర్‌లో కాగితం మిల్లు, తేరుబలిలో ఫెర్రో అల్లాయ్స్, సునాబెడలో విమాన ఇంజన్ల హెచ్‌ఏఎల్, దామన్‌జోడిలో అల్యూమినా తయారుచేసే నాల్కో ఉన్నాయి. ఇటు శ్రీకాకుళం జిల్లాలో పైడిభీమవరం మందుల పరిశ్రమలు ఉన్నాయి. వీటన్నిటికీ యంత్రం చప్పుడు వినగానే తేడా పట్టే మనుషులు కావాలి.

ఐటీఐ అంటే చదువు అక్కడితో సరి అని కాదు. పది తర్వాత రెండేళ్ల ఐటీఐ చేసిన వాళ్లు పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలో నేరుగా చేరే వీలుంది. డిప్లొమా వాళ్లు బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఈ మెట్ల దారిన వెళ్లిన వాళ్లకు పాఠం ఎక్కువ అర్థమవుతుంది, ఎందుకంటే పుస్తకంలో బొమ్మ చూసే ముందే ఆ వస్తువును విప్పి బిగించి ఉంటారు. బీటెక్ వద్దని నా మాట కాదు. మంచి కాలేజీలో సీటు వచ్చి, ఇంటికి భారం కాకపోతే తప్పక చేరండి.

అప్రెంటిస్ అంటే వెట్టిచాకిరీ అంటున్నారు. నిజమేనా?

కాదు, అది చట్టం కింద నడిచే శిక్షణ. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది, అంతకుమించి పనివాళ్లున్న ప్రతి సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 2019లో సవరించిన నియమాలు కనీస స్టయిపెండును చదువును బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయలుగా పెట్టాయి. ఐటీఐ వాళ్లకు 7,000. విశాఖలో గది అద్దెకూ తిండికీ అది చాలదని నాకు తెలుసు, ఇంటి నుంచి కొంత పంపాల్సే వస్తుంది. అయినా ఆ ఏడాది చివర చేతికొచ్చే ధ్రువపత్రం దేశమంతా చెల్లుతుంది. రైల్వే వర్క్‌షాపుల్లో అప్రెంటిస్ పూర్తి చేసిన వాళ్లకు రైల్వేలో అన్నిటికన్నా కింది మెట్టైన లెవెల్-1 పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. చదువుకూ అనుభవానికీ ఒకేసారి కాగితం ఇచ్చే ఏర్పాటు ఇదొక్కటే కాబట్టి, ఐటీఐ, డిప్లొమా వాళ్లందరినీ ముందు దీనికే కట్టమంటాను.

చేరేముందు ఒప్పందం ప్రభుత్వ అప్రెంటిస్ పోర్టల్‌లో నమోదైందో లేదో అడగండి. నమోదు చేయకుండా "మా దగ్గర అప్రెంటిస్‌గా ఉండు" అని నోటి మాటతో పెట్టుకుంటే, దానికి చట్టం విలువ ఇవ్వదు.

ఆరేళ్లుగా వెల్డింగు చేస్తున్నాను. కాగితం ఒక్కటీ లేదు. నా అనుభవానికి విలువ లేదా?

ఉంది. దాన్ని కాగితం మీదికి తేవాలి, అంతే. ఈ సమాధానం కాస్త పొడుగ్గా రాస్తాను, ఎందుకంటే నా కొట్టులో నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతి ఇదే.

కిందటి వేసవిలో కాశీనగర్ వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు, చిన్న చిన్న తెల్ల చుక్కలు. సూరత్‌లో రెండేళ్లు, విశాఖలో నాలుగేళ్లు పని చేశాడట. "ఏం చేశావు బాబూ?" అంటే ఫోను తీసి బొమ్మలు చూపించాడు. పైపులు గుండ్రంగా తిరిగే చోట వేసిన అతుకు, నాణేలు వరసగా పేర్చినట్టు ఉంది. నాకు వెల్డింగు రాదు, కానీ ఆ పనితనం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. తీరా దరఖాస్తులో "విద్యార్హత" దగ్గర ఎనిమిది పాస్, "అనుభవ పత్రం" దగ్గర ఖాళీ. అంత చేయి తిరిగిన మనిషి ఆ ఖాళీ గడి ముందు తల దించుకుని కూర్చున్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

అలాంటి వాళ్లకు నాలుగు పనులు చెబుతాను. ముందుగా, ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, పని ముందే వచ్చిన వాళ్లకు పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు ఉంది. దాన్ని ఆర్పీఎల్ అంటారు. కొద్ది రోజుల పరిచయ శిక్షణ, ఆ తర్వాత చేసి చూపించే పరీక్ష. అది ఐటీఐకి సమానం కాదు, కానీ ఏమీ లేని గడిలో రాయడానికి ప్రభుత్వం గుర్తించిన కాగితం ఒకటి వస్తుంది. ఎక్కడ జరుగుతోందో స్కిల్ ఇండియా పోర్టల్‌లోనూ, జిల్లా ఉపాధి కార్యాలయంలోనూ కనుక్కోవాలి. ఏడాది పొడుగునా ఉండదు. రెండోది, బడికి వెళ్లకుండానే చదివే వీలున్న జాతీయ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పది. తెలుగులో రాయవచ్చు, ఒడియాలోనూ రాయవచ్చు. మూడోది, ఇప్పటి నుంచి చేసే ప్రతి పెద్ద పనికి తేదీ, చోటు, ఏ లోహం, ఏ మందం అన్నది చిన్న నోటుపుస్తకంలో రాసిపెట్టుకోవడం. నాలుగోది పీఎఫ్. దాని సంగతి కింద.

ఆ అబ్బాయి పదికి కట్టాడు. లెక్కల పుస్తకం ఫోనులో దించి ఇచ్చాను.

పాత యజమాని అనుభవ పత్రం ఇవ్వనంటున్నాడు. ఏం చేయాలి?

ముందు మర్యాదగా రాతపూర్వకంగా అడగండి, ఆ కాగితం నకలు ఉంచుకోండి. ఇవ్వకపోయినా మీ దగ్గర వేరే రుజువులు ఉండవచ్చు. 20 మంది, అంతకుమించి పనిచేసే చోట పీఎఫ్, 10 మంది, అంతకుమించి ఉన్న చోట ఈఎస్ఐ వర్తిస్తాయి. పీఎఫ్‌లో మీకు ఇచ్చే యూఏఎన్ నంబరుతో పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే సంస్థ పేరు, ఏ నెల నుంచి ఏ నెల దాకా జమ అయిందో కనిపిస్తుంది. దాన్ని ముద్రించి పెట్టుకోండి. జీతం బ్యాంకులో పడి ఉంటే ఆ స్టేటుమెంటు, గేటు పాసు, గుర్తింపు కార్డు అన్నీ దాచండి.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతుల ప్రకారం పనివాడికి నియామక పత్రం ఇవ్వాలి. కొత్తగా చేరేవాళ్లు మొదటి రోజే అడగండి. అడగడానికి మొహమాటపడతారని తెలుసు. నాకు కూడా చిన్నప్పుడు ఒక కొట్టులో మూడేళ్లు చేసిన పనికి ఒక్క ముక్క కాగితం దక్కలేదు, నోరు విప్పి అడగనందువల్ల.

బడి సర్టిఫికెట్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు. ఇబ్బందా?

చాలా ఇబ్బంది, మన వాళ్లకు ఇది ప్రత్యేకంగా వచ్చే తంటా. మనకు ఇంటిపేరు ముందు, పొడి అక్షరంతో. ఒడియా బడిలో ఇంటిపేరును పూర్తిగా, చివర రాస్తారు. కొందరికి ఇంటిపేరే తీసేసి చివర "రావు" ఒక్కటే ఉంచుతారు. ఒడియా ఉచ్చారణ కలిసి ఒక్కోసారి పేరులో అక్షరమే మారిపోతుంది. అన్నిటికీ పదో తరగతి సర్టిఫికెట్‌లోని పేరునే ఆధారంగా పెట్టుకుని, ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా దానికి సరిపోయేలా మార్పించుకోండి. ఉద్యోగం వచ్చి, కాగితాల పరిశీలన రోజున అఫిడవిట్ల కోసం కాళ్లరిగేలా తిరగడం కన్నా ఇప్పుడు రెండు రోజులు పోవడం నయం.

గల్ఫ్‌కు వెళదామనుకుంటున్నాను. చదువు ఎందుకు అక్కడ?

పది పాసైన వాళ్లకు పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస అనుమతి కావాలన్న) ముద్ర ఉండదు. పాస్ కాని వాళ్లు సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్ లాంటి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ వలస అనుమతి తీసుకోవాలి. అది శిక్ష అనుకోవద్దు. ఆ అనుమతితో వెళ్లేవాళ్లకు 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. దాన్ని తప్పించి విజిట్ వీసా మీద పంపుతానన్నవాడి దగ్గరి నుంచి లేచి వచ్చేయండి. నమోదైన ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షన్నర అడిగితే అది చట్టానికి విరుద్ధం. ఏజెంటు లైసెన్సు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. నా దగ్గరికి వస్తే డబ్బు తీసుకోకుండా చూసి పెడతాను.

డబ్బు కడితే ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు.

కట్టొద్దు. ఎవరు చెప్పినా, ఎంత దగ్గర చుట్టమైనా.

నాన్నది వడ్రంగం. నేనూ అదే చేస్తే చదువు వృథా అయినట్టేనా?

చదివిన వడ్రంగి చెడిపోయిన వడ్రంగి అవుతాడా? కొలత, అంచనా, బిల్లు, ఫోనులో గిరాకీ, ఇవన్నీ చదువు వల్లే సులువవుతాయి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగి, కమ్మరి, కంసాలి, కుమ్మరి, దర్జీ, తాపీ సహా 18 వృత్తులున్నాయి. శిక్షణ రోజులకు 500 రూపాయల చొప్పున భృతి, పనిముట్లకు 15,000, ఆపైన 5 శాతం వడ్డీతో మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షల దాకా అప్పు ఇస్తారు. ఇంటికి ఒక్కరికే. నాన్న పేరు మీదా, మీ పేరు మీదా అన్నది ఇంట్లో మాట్లాడుకుని నిర్ణయించుకోండి. ఆయనకు పని వచ్చినంత మీకు రాదు, మీకు కాగితం అర్థమైనంత ఆయనకు అర్థం కాకపోవచ్చు.

అమ్మాయిని పైఊరు పనికి పంపాలంటే భయంగా ఉంది.

మీ భయాన్ని తీసిపారేయను. హాస్టలు చూసి రండి, అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న మన వైపు అమ్మాయితో మాట్లాడండి, రాత్రి షిఫ్టుకు బండి పంపుతారో లేదో అడగండి. ఇవన్నీ సరిగ్గా ఉన్నాక కూడా ఆపితే మాత్రం, ఆ పిల్ల చదివిన ఏళ్లు ఇంట్లో నాలుగు గోడల మధ్య పాతబడతాయి. పాలిటెక్నిక్ చదివి మూడేళ్లు ఇంట్లో ఉన్న అమ్మాయిని "ఈ మూడేళ్లు ఏం చేశావు" అని ఇంటర్వ్యూలో అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు ఆమె చేతిలో లేదు, మీ చేతిలో ఉంది.

నాకు ఇరవై ఎనిమిది. పెళ్లయింది, పాప ఉంది. ఇప్పుడు చదివితే నవ్వరా?

నవ్వేవాళ్లు మీ ఇంటి బియ్యం కొనరు. ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కోరాపుట్‌లోనూ విశాఖలోనూ ప్రాంతీయ కేంద్రాలున్నాయి. అయితే ఏదో ఒక డిగ్రీ కావాలని బీఏలో చేరిపోవద్దు. మీరు ఇప్పుడు చేస్తున్న పనిలో పై మెట్టుకు ఏ కాగితం అడుగుతున్నారో మీ సూపర్‌వైజరును అడిగి, సరిగ్గా దానికే కట్టండి.

మీ కొట్టుకు వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

అసలు సర్టిఫికెట్లన్నీ, ఆధార్, దానికి కలిపిన ఫోను, తెల్లటి నేపథ్యంతో తీయించిన ఫోటో, నల్ల ఇంకు పెన్ను. ఏడో తరగతి మార్కుల కాగితం ఇంట్లో ఎక్కడున్నా వెతికి తెండి. సర్టిఫికెట్లకు లామినేషన్ చేయించవద్దు, వెనకవైపు ముద్రలు సరిగ్గా కనబడవు. ఆఖరి తేదీకి వారం ముందు రండి. చివరి రోజు సర్వరు పనిచేయదు, ఆ రోజు నా బల్లల మీద చోటూ ఉండదు.